మూడు గంటల నీడ

పొద్దున్నే ఆస్పత్రి దుప్పట్లు వస్తాయి. వదిన, ఆడపడుచు ఇద్దరూ కలిసి వాటిని నానబెట్టి, ఉతికి, జాడించి, పిండి, పదకొండింటికల్లా పెరట్లో ఏడు తీగల మీద ఆరేస్తారు. సాయంత్రం నాలుగున్నరకు ఆస్పత్రి బండి వచ్చేసరికి అవి ఎండి, మడతపడి సిద్ధంగా ఉండాలి. తడి దుప్పట్లు వెళ్ళాయంటే ఆ పని ఇంకెవరికో పోతుంది. లాండ్రీ నడిపే వదినకు యాభై రెండేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన చెల్లెలు అప్పుడు తోడుకని వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. ఇద్దరికీ రోజుకు రెండుసార్లు తగువు, మూడుసార్లు టీ.

ఒక సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక తీగల మీద నీడ పడింది. వదిన తలెత్తి చూసింది. పడమటి గోడ అవతల ఖాళీ స్థలం ఖాళీగానే ఉంది. పిచ్చిమొక్కలు, ఒక పగిలిన బకెట్. నీడ మాత్రం ఆరంతస్తులది.

"ఎవరో అప్లికేషన్ పెట్టినట్టున్నారు," అంది ఆడపడుచు, పళ్ళ మధ్య బట్టల క్లిప్పుతోనే.

ఆ ఊళ్ళో అంతే. దరఖాస్తు పెట్టిన రోజే నీడ వచ్చేస్తుంది, భవనం తర్వాత తీరిగ్గా వస్తుంది. ఇరుగుపొరుగు వాళ్ళు పదిహేను రోజులు ఆ నీడలో మసలి చూసి, అభ్యంతరం ఉంటే రాసివ్వాలి. మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి నీడ అంచు వెంట గీత గీసి, టేపుతో కొలిచి పోతాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు కాబట్టి ఊరంతా ఆయన్ని సుద్దముక్క సారు అంటుంది. తను పెళ్ళి చేసుకోవాలన్న సంగతి కూడా మరిచిపోయినంత నిదానస్తుడు.

ఆయన మర్నాడు పన్నెండింటికి వచ్చాడు. నీడ గోడ దాటలేదు. "ఇబ్బందేమీ కనబడలేదండీ," అంటూ పుస్తకం తెరిచాడు.

"పన్నెండింటికి ఏ నీడైనా బుద్ధిగానే ఉంటుంది సారూ," అంది వదిన. "మూడింటికి రండి, దాని సంగతేంటో చూద్దురుగాని."

"నిబంధన పన్నెండింటికేనండీ."

"ఆ నిబంధన ఎప్పుడైనా బట్టలారేసిందా?"

ఆయన పుస్తకం మూసి వెళ్ళిపోయాడు. మూడింటికి మళ్ళీ వచ్చాడు. ఆరు తీగలు నీడలో ఉన్నాయి. ఏడో తీగ మీదున్న దుప్పటిని వదిన ఎండవైపు లాగి పట్టుకుని నిలబడింది. ఆయన కింద కూర్చుని గీత గీశాడు. మర్నాడూ వచ్చాడు, కొలత సరిచూడాలన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. నాలుగో రోజు నుంచి కొలతయ్యాక దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టించేవాడు. ఆయన చెయ్యిపడితే అంచుకు అంచు అతికినట్టు కుదిరేది. ఆడపడుచు మూడు గ్లాసుల్లో టీ పొయ్యడం మొదలుపెట్టింది.

ఆరని దుప్పట్లను ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, చేతులు కాల్చుకుని పంపుతున్నారు. పదిహేను రోజులంటే ఎలాగో నెట్టుకు రావచ్చు. బతుకంతా అలా సాగదని ఇద్దరికీ తెలుసు. అభ్యంతరం రాసిచ్చారు.

పదహారో రోజు మధ్యాహ్నం కౌన్సిల్ కూర్చుంది. షాపింగ్ కాంప్లెక్స్ కట్టబోయే ఆసామి నవ్వుముఖం మనిషి. "నాలుగు దుప్పట్ల కోసం నలభై షాపులు ఆపుతారా?" అన్నాడు. ఊరు బాగుపడొద్దా అని ఒక సభ్యుడు లేచాడు. బాగుపడిన ఊళ్ళో జబ్బులు రావా, దుప్పట్లక్కర్లేదా అని ఇంకొకావిడ లేచింది. కేకలు కింద క్యాంటీన్ దాకా వినిపించాయి. చివరికి అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని, పన్నెండింటి కొలత ప్రకారం ఎవరికీ నష్టం లేదని చదవబోయింది.

అప్పుడు సుద్దముక్క సారు లేచాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన గొంతు ఆ హాల్లో ఎవరూ వినలేదు.

"మేడమ్, నేను ఇన్నేళ్ళూ తప్పు వేళకి కొలిచానండీ," అన్నాడు. "ఈ గడువులో రోజూ మూడింటికి తీసిన కొలతలు ఇవిగో. వీళ్ళకి ఏడు తీగల్లో ఒక్కటే మిగులుతోంది."

వెనక వరసలోంచి వదిన లేచి వెళ్ళి, ఆనాటి దుప్పటి ఒకటి అధ్యక్షురాలి చేతుల్లో పెట్టింది. "మూడున్నరైంది మేడమ్. దీన్ని రాత్రికి ఎవరో జ్వరంతో ఉన్న మనిషి కప్పుకోవాలి."

అధ్యక్షురాలు ఆ తడి దుప్పటిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత పక్క సభ్యుడికి అందించింది. అది చేతులు మారుతూ హాలంతా తిరిగింది. ఆసామి కూడా పట్టుకుని, చేతులు రుమాలుకు తుడుచుకున్నాడు. రెండంతస్తులకే అనుమతి అని తీర్మానం రాశారు. ఆమె సంతకం పెడుతున్న వేళకి పెరట్లో నాలుగు అంతస్తుల నీడ ఒక్కో అంతస్తుగా వెనక్కి తగ్గి గోడ దగ్గర ఆగడం ఆడపడుచు కళ్ళారా చూసింది. దుప్పట్లన్నీ తిప్పి ఆరేసి, ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

మరుసటి నెలలో సుద్దముక్క సారు రిటైరయ్యాడు. ఇక పెరట్లో కొలవడానికేమీ లేదు. మూడయ్యేసరికి వదిన గోడవైపు చూసేది.

"మెడ పట్టేసిందా వదినా?" అనేది ఆడపడుచు.

"నీకు పనేం లేదా?" అనేది వదిన. ఆయన రావడం లేదని ఆమెకు దిగులుగా ఉండేది. ఆ మాట దుప్పట్లకు కూడా చెప్పలేదు.

ఒక బుధవారం మూడింటికి, కాంప్లెక్స్ స్థలం పక్క జాగా వైపు గోడ కూలిన మూలలోంచి పెరట్లోకి చిన్న నీడ వచ్చి పడింది. ఒక్క గది, వాలు కప్పు, రెండు మెట్లు. ముందర రెండు కుర్చీలు. ప్లానులో కుర్చీలు వేసుకున్న మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

వదిన వంగి చూసింది. నీడ మొదటి తీగకు ఇవతలే ఆగింది. చెయ్యి చాపి మధ్యనున్న ఎడం కొలిచింది. సరిగ్గా జానెడు. ఏడు తీగల మీదా ఎండ నిండుగా ఉంది. మూడింటికి నీడ కొలిచే మనిషి ఊరంతటికీ ఒక్కడే.

"పదిహేను రోజులే గడువు వదినా," అంది ఆడపడుచు. "అభ్యంతరం రాయనా?"

"నీ మొహం," అంది వదిన. తడిచేతులు చీరకు తుడుచుకుంది. పీట తెచ్చి ఒక కుర్చీ నీడ మీద వేసుకుని కూర్చుంది. రెండో కుర్చీ నీడ మీదున్న ఎండుటాకులు చేత్తో ఊడ్చింది.

"ఆ మూడో గ్లాసు ఎక్కడ పెట్టావో తీసి కడుగు," అంది.