నలభై ఆరో గుర్తుకు ఎడమవైపు

వడ్రంగి మోకాళ్ళు మొరాయించి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి గుహలోకి దిగేది వేరేవాళ్ళు, పుస్తకం రాసేది అతను.

ఊరికి గంట దూరంలో కొండ కింద ఉంది ఆ గుహ. ఎంత పొడుగుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఏడెనిమిది మంది సెలవు రోజుల్లో టేపు, కంపాస్ పట్టుకుని కొలుస్తూ పోతుంటారు. కొలిచిన ప్రతి చోటా రాతిమీద ఎర్ర రంగుతో చుక్క పెట్టి నంబరు వేస్తారు. దాన్ని గుర్తు అంటారు. పోతూ ఉంటే పక్కన ఏదో సందు కనిపిస్తుంది. అప్పుడు దాంట్లోకి వెళ్ళే తీరిక ఉండదు. ఉందని రాసుకుని ముందుకు పోతారు. అలా వదిలేసినదాన్ని మిగులు అంటారు. అది ఏ గుర్తు దగ్గరుంది, ఏ వైపుంది, మనిషి పడతాడా, గాలి వస్తోందా, ఇవన్నీ వడ్రంగి దగ్గరున్న పెద్ద పుస్తకంలోకి ఎక్కుతాయి. ఎవరైనా వెళ్ళి చూసొస్తే ఆ వరస కొట్టేస్తాడు. గాలి వస్తోందంటే అవతల దారి ఉన్నట్టే. గుహలో వాళ్ళకు దానికన్నా ఆశ ఇంకోటి లేదు.

పుస్తకంలో ఇప్పటికి రెండు వందల పద్నాలుగు మిగుళ్ళున్నాయి. పుస్తకం సంగతిలో అతనితో ఎవరూ పెట్టుకోరు. అతను మాట్లాడేదే తక్కువ. ఆ కాస్తా కొలిచి మాట్లాడతాడు. అందుకని అతను రాసిందంటే అందరికీ రాతిమీద గీతే.

ఆదివారం పొద్దున పది గంటలు. రంపపు పొట్టు వాసన కొట్టే షెడ్డులో బల్ల ముందు కూర్చుని, పాత నోట్‌బుక్కులు శుభ్రం చేస్తున్నాడు. అవి గుహలోకి వెళ్ళొచ్చిన నోట్‌బుక్కులు. ఒక్కో కాగితం బురదలో ముంచి తీసినట్టుంటుంది. ఎండిన మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో మెల్లిగా రాలుస్తున్నాడు. పదకొండేళ్ళ కిందటి పేజీ ఒకటి వచ్చింది. నలభై ఆరో గుర్తు పేజీ. దాన్ని తర్వాత పుస్తకంలోకి ఎక్కించింది తనే. అందులో ఏముందో చూడకుండా చెప్పగలడు. "ఎడమ: మనిషి పడతాడు, గాలి బాగుంది. కుడి: బండలు కదులుతున్నాయి, వెళ్ళొద్దు."

పేజీ పైభాగాన అర చెయ్యంత మట్టి గట్టిగా అంటుకుని ఉంది. దాన్ని రాల్చాడు. కింద పెన్సిలు బాణం ఒకటి బయటపడింది.

బాణం కిందికి చూస్తోంది.

వాళ్ళ పద్ధతిలో పేజీ నెత్తిన బాణం పైకి చూస్తుంటే లోపలికి వెళ్తూ రాసినట్టు. కిందికి చూస్తుంటే బయటికి వస్తూ రాసినట్టు. బయటికి వచ్చేవాడి ఎడమ లోపలికి వెళ్ళేవాడికి కుడి అవుతుంది. బయటికి వస్తూ రాసిన పేజీని పుస్తకంలో ఎక్కించేటప్పుడు వైపులు మార్చి రాయాలి. వడ్రంగి మార్చలేదు. బాణం మట్టి కింద ఉంది. బాణం కనపడకపోతే అడగాలి. అతను అడగలేదు, పైకే అనుకున్నాడు.

 పొద్దున ఏడింటికి కూతురు ఇంకొకరి తోడుతో గుహకి వెళ్ళింది. వెళ్తూ చీటీ రాసిమ్మంది. తనే రాసిచ్చాడు. "18, తర్వాత 31, తర్వాత 46 ఎడమ." కింద ఒక గీత కూడా గీశాడు. నలభై ఆరు మంచి మిగులు అని దాని అర్థం.

ఎనిమిదికి గుహ దగ్గరికి చేరి ఉంటారు. పద్దెనిమిది దగ్గర ఒక గంట. ముప్పై ఒకటి దగ్గర ఇంకో గంట. పన్నెండుకి నలభై ఆరు దగ్గరుంటారు. గుహలో ఫోను పనిచేయదు. సాయంత్రం ఆరు దాటితే తప్ప ఎవరూ వెతకడానికి వెళ్ళకూడదన్నది వాళ్ళ కట్టుబాటు.

బావమరిదికి ఫోన్ చేశాడు. అతనికి బేకరీ ఉంది, వ్యానుంది. పదకొండేళ్ళ కింద ఆ పేజీ రాసింది కూడా అతనే.

"ఒరేయ్, వ్యాన్ తీసుకుని రా."

"ఎవరూ, బావేనా? నీ అంతట నువ్వు ఫోన్ చేశావంటే ఎవరో పోయుండాలి."

"పోకముందే రా."

హెల్మెట్ కోసం అటక మీద వెతుకుతుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికండీ?"

"పనుంది."

"పనికి వెళ్ళే మొహం నాకు తెలీదా? అమ్మాయికేమైంది?"

"ఏం కాలేదు," అన్నాడు. అయిందో లేదో అతనికే తెలియదు. ఆమె అటక మీద చెయ్యి పెట్టి, అతను చూడని మూల నుంచి హెల్మెట్ తీసి ఇచ్చింది. 

వ్యాన్‌లో వేడి బ్రెడ్డు వాసన నిండి ఉంది. ఊరు దాటాక వడ్రంగి అడిగాడు.

"నలభై ఆరు దగ్గర పక్కలు రాసింది నువ్వే కదా. వెళ్తూ రాశావా, వస్తూ రాశావా?"

"వస్తూ. తొందరలో వెళ్ళేటప్పుడు ఒట్టి కొలతలే తీశాం. తిరిగొచ్చేటప్పుడు పక్కలు రాశాను. పైన బాణం వేశాగా."

"మట్టి కింద ఉంది బాణం."

బావమరిది ఏదో జోకు వేయబోయి మానేశాడు.  "దాంట్లోకి ఎవరు వెళ్ళారు?" అన్నాడు.

"నీ మేనకోడలు."

ఆ తర్వాత వ్యాన్ గుంతలు చూసుకోలేదు. వెనక ఖాళీ ట్రేలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"లోపల ఏముందో చెప్పు," అన్నాడు వడ్రంగి.

"నేను నలుగురు మనుషుల పొడుగు వెళ్ళాను. పాకుతూ వెళ్ళాలి. నీ ఎడమ మోచేతి ఎత్తులో బల్లలా ఒక బండ ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టాను బావా. ఊడబోయే పన్నులా కదిలింది. పైనున్న రాళ్ళన్నీ దాని మీదే ఆనుకుని ఉన్నాయి. చెయ్యి తీసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి."

"ఎటు కదిలింది?"

"ఎటేంటి, కదిలింది! అప్పుడు నేను లెవెల్ పెట్టి చూశానా?"

"గుర్తు తెచ్చుకో."

బావమరిది రోడ్డు చూస్తూ, స్టీరింగు మీద ఎడమ చెయ్యి కాస్త నొక్కి వదిలి చూసుకున్నాడు. "నొక్కితే దిగలేదు. వదిలేటప్పుడు లేచింది. నా వైపు అంచు లేచింది."

వడ్రంగి దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

గుహ ముందు కూతురి స్కూటర్ ఉంది. ఇద్దరూ లోపలికి దిగారు. అప్పటికి పదకొండు ఇరవై. మొదటి అరగంట నడకే. వడ్రంగి మోకాళ్ళు అడుగడుక్కీ కసుక్కుమంటున్నాయి. పద్దెనిమిది దగ్గర ఆగి చూశారు. మట్టిలో కొత్త అడుగులున్నాయి గానీ మనుషుల్లేరు. ముప్పై ఒకటి దగ్గరా అంతే. వాళ్ళు అనుకున్నదానికన్నా ముందే పని ముగించుకుని పోయారు.

ముప్పై తొమ్మిది దగ్గర సన్న సందు వచ్చింది. బావమరిది తల, భుజాలు పెట్టాడు. పొట్ట దగ్గర ఆగిపోయింది. ఊపిరి వదిలాడు, బెల్టు తీశాడు, తిట్టుకున్నాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"పదకొండేళ్ళ కింద ఇది ఇంత ఇరుగ్గా లేదు బావా."

"సందు అంతే ఉంది."

"ఒంటరిగా పోకూడదని నువ్వే కదా పుస్తకం మొదటి పేజీలో రాశావ్!"

వడ్రంగి అప్పటికే సందులో సగం దూరాడు.

అవతల అతని లైటు తప్ప ఇంకేం లేదు. నలభై, నలభై ఒకటి. మోకాళ్ళు మడతపడక, పిర్రల మీద జారుతూ, చేతుల మీద బరువు మోపుతూ పోయాడు. ఏదైనా చప్పుడు వినపడుతుందేమోనని ఆగి చూశాడు. రాయి పడ్డ చప్పుడు వినాలని లేదు. ఏమీ వినపడకపోవడం కూడా బాగాలేదు. నలభై మూడు దగ్గర కాలు జారి నడుం కొట్టుకుంది. నొప్పి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.

నలభై ఆరు దగ్గర వెలుతురు కనపడింది. గోడకు ఆనుకుని తాళ్ళాయన కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. అతను పెద్ద భవనాలకు తాడు మీద వేలాడుతూ రంగులు వేసే మనిషి. కూతురికి తోడు వచ్చింది అతనే.

"మేస్త్రీ! నువ్వేంటిక్కడ? కాళ్ళు కొత్తవి వేయించుకున్నావా?"

"అమ్మాయేది?"

"లోపల. ఎడమ దాంట్లో. గాలి లేదంటూ ఒకటే గొణుగుడు. మీ నాన్న రాశాడంటే ఉండి తీరుతుంది, ఇంకాస్త ముందుకెళ్ళి చూడమన్నాను."

వడ్రంగి రంధ్రం ముందు బోర్లా పడుకున్నాడు. లోపల బూట్ల అడుగులు కనపడుతున్నాయి. నలుగురు మనుషుల పొడుగంత దూరం.

గట్టిగా పిలవాలనిపించింది. పిలిస్తే ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది. భుజం తగలొచ్చు. గొంతు సర్దుకుని, కొట్లో పనిముట్టు అడిగినట్టు అన్నాడు.

"అమ్మా, నేనే. కదలకు. కంగారు పడాల్సిందేం లేదు."

"నాన్నా?" అంది. ఒక్క క్షణం ఆగి, "నువ్వొచ్చి కంగారు లేదంటే నాకు కంగారుగా ఉంది," అంది.

"నీ ఎడమ పక్క బల్లలాంటి బండ ఉందా?"

"ఉంది. దాని మీదే మోచెయ్యి ఆనించి ఉన్నాను. అది... నాన్నా, ఇందాక కొంచెం కదిలినట్టనిపించింది."

తాళ్ళాయన బిస్కెట్ కింద పెట్టాడు.

"చెయ్యి తీయకు," అన్నాడు వడ్రంగి. "విను. అది ఒత్తిడికి నిలబడింది. నువ్వు లేస్తే అదీ లేస్తుంది. నీ కుడి చేతికి అందేలా రాయేమైనా ఉందా? ఇటుకంత."

"ఉంది."

"దాన్ని తీసుకో. బండకి నీ వైపు అంచు ఉందిగా, దాని మీద మోచేతి పక్కన పెట్టు. ఇంకోటి దాని మీద పెట్టు. నీ చేతి బరువంతా వాటికి రావాలి. తొందర లేదు. సాయంత్రం దాకా టైముంది."

బతుకులో అతను ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడింది లేదు. ఆపితే లోపల నిశ్శబ్దం అవుతుందని ఆపలేదు. తలుపు చట్రం బిగించేటప్పుడు చీల ఎలా పెడతారో చెప్పాడు. ఆమె చిన్నప్పుడు బల్ల కింద చేరి చెక్కముక్కలు పేర్చేదని చెప్పాడు. రాయి మీద రాయి ఆనిన చప్పుడు నాలుగుసార్లు వినపడింది.

"ఇప్పుడు ఊపిరి వదులుతూ చెయ్యి తీయి. మొత్తం కాదు. కొంచెం."

లోపల గులకరాళ్ళు జలజల రాలాయి. వడ్రంగి కళ్ళు మూసుకున్నాడు.

"నిలబడింది," అంది కూతురు. 

"వెనక్కి రా. దేన్నీ పట్టుకోకు. పొట్ట మీదే జరుగు."

బూట్లు దగ్గరికొచ్చాయి. చీలమండ చేతికందగానే పట్టుకున్నాడు గానీ లాగలేదు. ఆమె మొత్తం బయటికొచ్చి కూర్చున్నాక కూడా వదల్లేదు.

"ఏమైంది నాన్నా?"

"తప్పు రాశాను. అటూ ఇటూ మారింది. నాదే తప్పు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మొహం మీద మట్టి తుడుచుకుంటూ అడిగింది. "ఈ పేజీ ఒక్కటేనా?"

"తెలీదు," అన్నాడు.

తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. పాత నోట్‌బుక్కులన్నీ తెచ్చి బల్ల మీద పరిచారు. అతను మట్టి రాలుస్తుంటే కూతురు బాణం చూసి చదివింది. రెండు వందల పద్నాలుగింటిలో పదకొండు తిరగబడ్డాయి. ఎనిమిదింట్లోకి ఎవరూ వెళ్ళలేదు. నలభై ఆరు పోగా రెండు. అవి రెండూ పోయినేడాది చూసేశారని కొట్టేసి ఉన్నాయి. రెండిటి పక్కనా తాళ్ళాయన పేరే.

అందులో ఒకటి వడ్రంగికి బాగా గుర్తుంది. గాలి ఉందని పుస్తకంలో రాసి ఉంటే, వెళ్ళొచ్చి గాలీ లేదు గీలీ లేదన్నాడు తాళ్ళాయన. సరిగ్గా చూడలేదని చెప్పి అతన్ని తనే రెండోసారి పంపాడు. మర్నాడు వచ్చి, వెళ్ళాను, చివరికి మూసుకుపోయింది, కొట్టేయమన్నాడు.

వడ్రంగి కర్ర పట్టుకుని తాళ్ళాయన ఇంటికి వెళ్ళాడు. తాళ్ళాయన గుమ్మం ముందు తాడు చుట్టుకుంటున్నాడు. విషయం చెప్పాడు. నిన్ను రెండోసారి పంపినందుకు నా చెంప పగలగొట్టినా తప్పులేదన్నాడు.

తాళ్ళాయన తాడు కింద పెట్టాడు. ఇటూ అటూ చూశాడు. మెడ గోక్కున్నాడు.

"మేస్త్రీ, ఒక మాట. రెండోసారి నేను వెళ్ళలేదు."

"వెళ్ళానన్నావ్."

"అన్నాను. పైనుంచి రాళ్ళు రాలుతున్న చోటికి ఇంకోసారి ఎవడు పోతాడు? పోలేదని చెప్తే నువ్వు ఊరుకుంటావా, మూడోసారి పంపుతావు. అందుకని మూసుకుపోయిందని చెప్పేశా."

వడ్రంగి మెట్టు మీద కూర్చున్నాడు. మంచి పని చేశావన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, ముల్లు సరిచూసుకుని, తలెత్తకుండా అడిగాడు.

"ఇంకెన్నిటికి అలా చెప్పావు?"

తాళ్ళాయన వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తాడు.