ఏనుగు కంటికి మైకు మామ

మైకు మామ మాట్లాడటం మొదలుపెడితే జూలో జంతువులు కూడా లేచి నీడకి వెళ్ళిపోతాయని తోటి ఉద్యోగులు అనేవారు. అది అన్యాయం. మొసళ్ళు ఎప్పుడూ కదిలేవి కావు.

జూ చూడటానికి వచ్చినవాళ్ళని ఒక పొడుగాటి బండిలో కూర్చోబెట్టి చుట్టూ తిప్పుతారు. ఆ బండి ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, మైకు నోటికి ఆనించుకుని, దారి పొడుగునా కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. మనిషి చూడబోతే బక్కపలచన. నలుగురిలో నిలబడితే ఆ నలుగురే కనిపించేవారు. గొంతు మాత్రం ఆంబోతుది. ఇంట్లో అతను చెప్పింది ఎవరూ వినరు. ఆఫీసులో అతను రాని రోజు ఎవరూ గమనించరు. అందుకే మైకు అంటే ప్రాణం, బండి ఎక్కినవాళ్ళు మధ్యలో దిగిపోలేరు కదా.

బండి ఏనుగుల దొడ్డి దగ్గరికి వచ్చేసరికి అతనికి పూనకం వచ్చేది. "ఏనుగు కంటికి మనిషి పదింతలుగా కనిపిస్తాడండీ. లేకపోతే అంత జంతువు మనలాంటి వాళ్ళ మాట వినడమేమిటి" అని చెబుతూ కాస్త నిటారుగా కూర్చునేవాడు. ఈ లోకంలో ఒక్క ప్రాణి కంటికైనా తను భారీ మనిషినన్న సంగతి అతనికి ఎంత ధైర్యమో ఎవరికీ తెలియదు, పాపం. ఎవరూ అడగలేదు.

ఆ ప్రాణికి అత్తగారు అని పేరు పెట్టింది అతనే. అతను ఉద్యోగంలో చేరేనాటికే ఆ ఏనుగు అక్కడుంది, చేరాక అతను చేసిన ఏ పనీ మెచ్చుకున్నట్టు కనిపించలేదు. మా అమ్మని ఏనుగుతో పోలుస్తారా అని భార్య కొన్నాళ్ళు అలిగింది. అసలు అత్తగారు మాత్రం ఒకసారి స్వయంగా వచ్చి చూసి, బాగానే ఉంది, అల్లుడి మాట ఒక్కటీ వినడం లేదని మెచ్చుకుని వెళ్ళింది.

ఏనుగుల గురించి మైకు మామ నమ్మని మాటంటూ లేదు. ఏనుగు వెలగపండు మింగితే గుజ్జంతా లోపలే మాయమై డిప్ప చెక్కుచెదరకుండా బయటికి వస్తుందని చిన్నప్పుడు విన్నాడు. జూ ఉన్న ఊళ్ళో దొరకని ఆ పండుని ఎవరినో బతిమాలి తెప్పించి, అత్తగారికి పెట్టి, మర్నాడంతా పార పట్టుకుని లద్దె కుప్పల దగ్గర కాపలా కాశాడు. దొరికింది లద్దె. ఏం వెతుకుతున్నారని పశువుల డాక్టరమ్మ అడిగితే ఉంగరం పోయిందన్నాడు. ఉంగరం వేలికే ఉంది.

ఏనుగుకి ఎలకంటే చచ్చేంత భయమనీ, తొండంలో దూరిందంటే ఊపిరాడక పోతుందనీ పై అధికారుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఏనుగుల కొట్టానికి ఒక పిల్లిని సాధించింది కూడా ఇతనే. దాన్ని అందరూ సూపర్‌వైజరు అనేవారు, పని జరిగేచోట పడుకోవడం తప్ప అది చేసేదేమీ లేదు మరి. ఎలకలు అత్తగారి కాళ్ళ మధ్య గింజలు ఏరుకుంటుంటే అటు అత్తగారు గాని, ఇటు సూపర్‌వైజరు గాని పట్టించుకున్న పాపాన పోలేదు.

డాక్టరమ్మ జూకి కొత్తగా వచ్చిన పశువైద్యురాలు, మైకు మామ కూతురి వయసుది. ఏనుగు దేన్నైనా హఠాత్తుగా చూస్తే ఉలిక్కిపడుతుంది గాని ఎలకని చూసి ప్రత్యేకంగా భయపడదని, దాని చూపు అంతంతమాత్రమేనని, దాని లోకమంతా వాసనలోనూ చెవిలోనూ ఉంటుందని, మనిషి దాని కంటికి మనిషంతే కనిపిస్తాడని ఓపిగ్గా చెప్పింది. ముందు చెప్పినవన్నీ మైకు మామ పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఆఖరిది మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

ఇలా ఉండగా, అత్తగారికి తోడుగా ఉన్న రెండో ఏనుగు ముసలితనంతో పోయింది. అప్పట్నించీ ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి పొద్దస్తమానం ఊగుతూ ఉండేది. మేత సగం వదిలేసేది. డాన్సు చేస్తోందా అని బండిలోంచి ఎవరో అడిగితే అలవాటు కొద్దీ అవునండీ అనేశాడు మైకు మామ. ఆ మాటకి ఆ రోజంతా అతనికి అన్నం సయించలేదు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. దూరంగా ఒక అడవి అంచున వయసు మళ్ళిన ఆడ ఏనుగులని వదిలే పెద్ద వనం ఉంది. అక్కడ ఇంకొక్క ఏనుగుకి చోటుందని కనుక్కుని, వాళ్ళ వెంటపడి ఒప్పించింది. చిక్కల్లా ఒక్కటే. ఆవిడ తనంతట తాను ఇనుప బోనులోకి నడిచి ఎక్కాలి. మత్తిస్తే ఆ వయసులో మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. లారీకి, దారికి అనుమతి ఒక్క రోజుకే దొరికింది. ఆ రోజు ఎక్కకపోతే ఆ చోటు వరసలో ఉన్న ఇంకో ఏనుగుకి వెళ్ళిపోతుంది, అత్తగారు ఆ గోడ దగ్గరే ఊగుతూ ఊగుతూ ఒకనాడు కూలిపోతుంది.

ముందునుంచే బోనుని దొడ్డిలో పెట్టి, తలుపు తీసి, లోపల ఎండుగడ్డి పరిచి అలవాటు చేశారు. మొదట్లో తొండం పెట్టింది, తర్వాత ముందుకాళ్ళు, పోనుపోను పూర్తిగా లోపలికి వెళ్ళి నిలబడి తిని రావడం మొదలుపెట్టింది. ఓపిక ఫలించిందని డాక్టరమ్మ, తను తెచ్చే అరటిపళ్ళ మహిమని ఏనుగుల కీపరు అన్నారు. మైకు మామ రోజూ బోను పక్కన నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు కాబట్టి అది తన ప్రతాపమేనని ఊరంతా టాంటాం వేశాడు. "నేను ముందు నడిస్తే ఆవిడ వెనక వస్తుంది. మీరంతా పక్కన నిలబడి చూడండి చాలు" అని మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పాడు. డాక్టరమ్మ, ఆ నమ్మకం దేనికో తెలియకపోయినా, ఒక దండం పెట్టి సరేనంది.

ఆ రోజు రానే వచ్చింది. మైకు మామ ఇస్త్రీ బట్టలేసుకుని, భార్యని కూడా వెంటబెట్టుకుని, లారీ కంటే ముందే వచ్చాడు. తన గొప్ప ఆవిడ ఒక్కసారైనా కళ్ళారా చూడాలని అతని ఆశ. వస్తూనే ఒక ఘనకార్యం చేశాడు. ప్రయాణం వేళ పిల్లి ఎదురొస్తే ఇంకేమన్నా ఉందా అని సూపర్‌వైజరుని వెంటాడి పట్టుకుని, ముంజేతినిండా గీరించుకుని, మేత గదిలో వేసి గడియ పెట్టాడు.

తర్వాత ఛాతీ విరుచుకుని బోనులోకి నడిచి, అటు చివర ఇనుప కమ్మీల సందులోంచి బయటపడి, రండి అత్తగారూ అని పిలిచాడు. అత్తగారు బోను దాకా వచ్చింది. తొండం లోపలికి చాచి గడ్డి వాసన చూసింది. బోను చుట్టూ నడిచి అతని దగ్గరికొచ్చి కాళ్ళు, చొక్కా, నెత్తి అన్నీ వాసన చూసి, టోపీ తీసి కింద పెట్టి, వెళ్ళి గోడ దగ్గర నిలబడింది.

అతను మళ్ళీ పిలిచాడు. బుజ్జగించాడు. మైకు తెప్పించి అందులో పిలిచాడు. కీపరు అరటిగెలలు మోసుకొచ్చాడు, డాక్టరమ్మ తనకి తెలిసిన ఉపాయాలన్నీ చేసింది. అత్తగారు బోను దాకా రావడం, లోపల దేనికోసమో వెతికినట్టు తొండం తిప్పడం, వెనక్కి పోవడం. మధ్యాహ్నం దాటింది. చీకటి పడేలోగా ఘాట్ రోడ్డు దాటాలి, ఇంకాసేపు చూసి ఖాళీ బండే తోలుకుపోతానని లారీ డ్రైవరు చెప్పేశాడు. డాక్టరమ్మ ఒక బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మైకు మామకి భూమి చీలితే బావుండుననిపించింది. ఎవరి మొహమూ చూడలేక మేత గది వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. లోపల పిల్లి అరుస్తోంది. ఆ అరుపుకి అవతల అత్తగారి చెవులు రెండూ ఇటు విచ్చుకున్నాయి. అది ఆగితే చెవులు వాలాయి. మళ్ళీ అరిచింది, మళ్ళీ విచ్చుకున్నాయి.

ఇన్నాళ్ళూ ఆ బోనులో గడ్డి మీద పడుకున్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది అతనికి. రాత్రిళ్ళు ఆ కొట్టంలో, తోడు పోయిన ముసలిదాని కాళ్ళ దగ్గర ముడుచుకుని ఉన్నదెవరో కూడా గుర్తొచ్చింది. ఆ సంగతి కీపరు ఎన్నోసార్లు చెప్పాడు, ఇవాళ లారీ హడావిడిలో పిల్లి లేదన్నది అతనికీ తట్టలేదు. మైకు మామకైతే తన ధ్యాస తన మీదే ఉండటం వల్ల ఎప్పుడూ బుర్రకెక్కలేదు.

నిజం చెప్పాలంటే అతను వెంటనే కదల్లేదు. నోరు మూసుకుంటే చాలు, లారీ ఖాళీగా వెళ్ళిపోతుంది. అత్తగారు ఇక్కడే ఉంటుంది. రేపు బండెక్కి మళ్ళీ అవే కబుర్లు చెప్పుకోవచ్చు. ఏనుగు నన్ను వదిలి వెళ్ళలేకపోయిందండీ అని కూడా కలపొచ్చు, జనం చప్పట్లు కొడతారు. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోవాలని అతనికి అనిపించింది ఆ ఒక్కసారే. అలా అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. గోడ దగ్గర ఆవిడ మళ్ళీ ఊగుతోంది.

వెళ్ళి, భార్య వింటుండగా, కీపరు వింటుండగా, "డాక్టరమ్మా, ఆవిడ వచ్చేది నా వెనక కాదు. పిల్లి వెనక. పొద్దున్నే దాన్ని గదిలో పెట్టి గడియేసింది నేనే" అన్నాడు.

డాక్టరమ్మ లేచి పరిగెత్తింది. గడియ తీయగానే సూపర్‌వైజరు బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, మైకు మామకి సరిగ్గా ఎదురుగా అడ్డంగా నడిచి, బోనులోకి పోయి గడ్డిలో చోటు చూసుకుంది. అత్తగారు ఊగడం ఆపింది. దొడ్డి అంతా దాటి వచ్చి, అతని పక్కనుంచే, అతను అక్కడ ఉన్నాడన్న ధ్యాస లేకుండా నడిచి, నాలుగు కాళ్ళూ లోపల పెట్టి, తొండంతో పిల్లి వీపు తడిమింది. తలుపు పడింది. పిల్లిని కూడా పంపేయమంది డాక్టరమ్మ. లారీ వెళ్ళిపోయింది.

కొన్ని నెలలయ్యాక డాక్టరమ్మ వనానికి వెళ్ళి చూసి వచ్చింది. మొదట్లో అత్తగారు ఎవరితోనూ కలవలేదట. ఇప్పుడు ఇంకో ముసలిదాని పక్కన తప్ప పడుకోదట, మేత మిగల్చదట. పిల్లి అక్కడి వంటింట్లో మకాం పెట్టిందట. ఎలకల్ని పడుతోందా అని మైకు మామ ఆశగా అడిగాడు. లేదంది.

"నన్ను గుర్తుపడుతుందంటారా?" అన్నాడు.

"తెలీదండీ. కొన్ని ఏనుగులు ఏళ్ళ తర్వాత కూడా మనుషుల్ని వాసన పట్టాయి. ఈవిడ సంగతి చెప్పలేను. ఒకసారి వెళ్ళి చూసి రండి."

సెలవు పెట్టాడు. భార్య దారికి అన్నం మూట కట్టింది. ఇద్దరూ బస్సు స్టాండుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. అతను లేవలేదు. లేవండి అంటూ భార్య భుజం తట్టింది.

"గుర్తుపట్టకపోతే నాకు బాధ. ఆ బాధకేముంది, పడతాను" అన్నాడు. "గుర్తుపడితేనో? ఇప్పుడిప్పుడే నలుగురితో కలిసింది. నన్ను చూసి కంచె దగ్గరికి వచ్చి, నేను వచ్చేశాక కూడా అక్కడే నిలబడిపోతే? ఈ జూ, ఆ గోడ, పోయిన ఆ తోడు, అవన్నీ నాతోపాటు గుర్తుకొస్తే?"

భార్య మూట ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ బెంచీ మీద సర్దుకు కూర్చుంది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో మీ గురించి కాకుండా ఇంకొకళ్ళ గురించి మీరు ఆలోచించడం ఇదే మొదలు అంది.

కండక్టరు తలుపు దగ్గర నిలబడి వస్తున్నారా లేదా అని అరిచాడు. "రావడం లేదు బాబూ, పోనీ" అన్నాడు మైకు మామ, బక్కమనిషి బక్కగొంతుతో. బస్సు వెళ్ళిపోయాక ఆ బెంచీ మీదే భార్య మూట విప్పింది. అతనికి ఏడుపాగలేదు.