రెండంగుళాల రెక్క

రాజనర్సయ్య ఏ వస్తువు చేసినా సన్నగా చేస్తాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్లంతా పంజాగుట్ట సందులో ఉన్న ఆయన కార్ఖానాను వెతుక్కుంటూ రావడానికి కారణం అదే. ఎవడో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుంటాడు, గుమ్మం మీద జావా అనీ ఒరాకిల్ అనీ బోర్డు పెడతాడు, ఇక ఊరంతా ఆ రెండు గదుల్లోనే కూర్చోవాలంటాడు. రాజనర్సయ్య వెళ్లి టేపు పట్టి, అందరూ రెండడుగుల వెడల్పు పెట్టే బల్లను అడుగున్నరకు దించుతాడు, అవసరమైతే అడుగుంబావుకు దించుతాడు. గదిలో ఇంకో వరస పడుతుంది, ఓనరు ముఖం వెలిగిపోతుంది. అక్కడ కూర్చునే పిల్లల మోచేతుల గొడవ ఎవడికి పట్టింది?

అలాంటి మనిషికి ఆ శనివారం పొద్దున విల్లు చేయాల్సిన పని పడింది.

కూతురు అనుపమ విలువిద్య నేర్చుకుంటోంది. శుక్రవారం సాధనలో ఆమె వెదురు విల్లు నిలువునా చీలిపోయింది. ఆదివారం రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక. కట్టె విల్లుతోనే వేయాలి, ఎరువిచ్చేవాళ్లు లేరు, చేసి అమ్మేవాళ్లు ఈ ఊళ్లో లేరు. వచ్చే ఏడాదికి జూనియర్ల వయసు దాటిపోతుంది. ఈసారి జట్టులోకి వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఆట సాగుతుంది. రాకపోతే ఆట మానేసి కోర్సులో చేరాలని తల్లి వరలక్ష్మి ఇప్పటికే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడి పెట్టింది. ఆ పిల్ల ఏడ్వలేదు గానీ, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అది చూసి తండ్రి, విల్లు తానే చేస్తానన్నాడు.

కార్ఖానాలో ఆయనతో కలిసి పనిచేసే అఫ్జల్ అటక మీది నుంచి ఒక ధామన్ కట్టె దించాడు. బండి కాడికని ఎప్పుడో తెచ్చింది, ఎండి గట్టిపడింది, లోపలి పోగు వంకర లేకుండా నిలువునా సాగింది. అలాంటిది ఇంకొకటి లేదు. పొడుగు మాత్రం విల్లుకు కాస్త తక్కువే.

విలువిద్య నేర్పే కామరాజు మాస్టారు వచ్చి కట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనది భీమవరం వైపు.

"రాజనర్సయ్య గారూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మధ్యలో పిడి, పైనొక రెక్క, కిందొక రెక్క. రెక్కల వెడల్పు రెండంగుళాలకు తగ్గొద్దు. కట్టె పొట్టిది కదండీ, బాగా వంగాల్సొస్తుంది. అంత వంపు తట్టుకోవాలంటే రెక్క వెడల్పుగా, పల్చగా ఉండాలి. సన్నగా చేశారనుకోండి, బలం కోసం మందం ఉంచాలి. మందంగా ఉన్నది వంగదు, నలిగిపోతుంది."

"అట్లనే సార్" అన్నాడు రాజనర్సయ్య. ఆ అనడం నిజంగానే అన్నాడు.

మాస్టారు వెళ్లాక కట్టె మీద రెండంగుళాలకు గీత గీశాడు. దూరం జరిగి చూశాడు. నచ్చలేదు. దగ్గరికి వచ్చి చూశాడు. అప్పుడూ నచ్చలేదు.

"గిదేం విల్లు అఫ్జల్ భాయ్? అన్నం తెడ్డు లెక్కుంది."

"మాస్టర్ జెప్పిండు కద అన్నా. జర ఆలోచించు."

"ఆయన బాణమేస్తడు, కట్టె గొయ్యడు. నేను పుట్టినకాంచి కట్టెతోనే ఉన్న. సన్నగుంటే తేలికుంటది, తేలికుంటే బాణం జోరుగ పోతది. బిడ్డ చెయ్యి సుత నొయ్యదు."

బిడ్డ చెయ్యి అన్నాడు గానీ, అసలు సంగతి అది కాదు. వెడల్పుగా ఉన్న కట్టె కంటబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. రంపం ఎత్తాడు. మధ్యాహ్నం అజాన్ వినబడే వేళకు రెక్కలు అంగుళంబావు వెడల్పున, మంచి మందంతో, చూడముచ్చటగా తయారయ్యాయి. అంత అందమైన విల్లు ఈ చుట్టుపక్కల ఎవరూ చేసి ఉండరని మురిసిపోయాడు కూడా.

నారి కట్టి, విల్లును గోడకున్న కొక్కేనికి తగిలించి, తాడు పట్టి మెల్లగా గుంజాడు. కొంచెం వంగింది. ఇంకొంచెం గుంజాడు. లోపల ఎక్కడో చిటుక్కుమంది. వదిలేసి విల్లు దించి చూస్తే, కింది రెక్క కడుపు వైపున, అంటే వంపు లోపలి ముఖాన, అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలు. కట్టె నలిగింది.

రాజనర్సయ్య ఆ గీతలను గోటితో గీకి చూశాడు. మందం ఎక్కువైతే చెక్కి తగ్గించవచ్చు. కోసేసిన వెడల్పును ఏ దేవుడొచ్చి అతికిస్తాడు? జిగురు పెడితే పొద్దుటికి ఆరదు. ఇంకో కట్టె లేదు. బయట బేగంపేటలో దిగబోయే విమానం ఒకటి కప్పు ఎగిరిపోయేంత చప్పుడుతో వెళ్లింది. అది వెళ్లిపోయాక కూడా ఆయన చెవుల్లో హోరు తగ్గలేదు.

అప్పుడు చేయకూడని పని ఒకటి చేశాడు. గరుకు కాగితం తీసి ఆ గీతల మీద రుద్దడం మొదలుపెట్టాడు. బల్లల మీద మచ్చలు పోగొట్టినట్టే రుద్దాడు. గీతలు కంటికి కనబడకుండా పోతున్నాయి. ఓనర్లకు అలా అప్పజెప్పినవి లేకపోలేదు. ఇంతలో వాకిట్లో అనుపమ నిలబడింది.

"అయిందా నాయినా?"

విల్లు ఆమె చేతిలో పెడితే ఆమె దాన్ని గడ్డం దాకా గుంజుతుంది. విరిగితే కన్ను పక్కనే విరుగుతుంది. రాజనర్సయ్య చేతిలో కాగితం కింద పడింది.

"ఆగమైంది బిడ్డా" అన్నాడు. వెడల్పు తగ్గించింది, కట్టె నలిగింది, రుద్దుతున్నది, అన్నీ చెప్పేశాడు.

అనుపమ ఆ రెక్కను బొటనవేలితో తడిమింది. ముఖం ఎర్రబడింది.

"రెండంగుళాలని మాస్టర్ మొత్తుకున్నడు కద! నా విల్లు సుత బల్లేనా నీకు?"

అఫ్జల్ తల వంచుకుని పొట్టు ఊడ్వడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. మందం తగ్గిస్తే నలుగుడు ఆగుతుంది, దాంతోపాటు బలమూ పోతుంది. రాజనర్సయ్య చిత్రిక పట్టే రందా తీసి రెండు రెక్కలూ పల్చన చేశాడు. ప్రతి పొట్టు ముక్కా బిడ్డ బలంలోంచి లేస్తున్నట్టు అనిపించి, కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు. సాయంత్రానికి కొత్త గీతలు రావడం ఆగింది, అదీ గడ్డానికి రెండు వేళ్ల ఇవతలి దాకా గుంజితేనే. ఎక్కడ ఆగాలో తెలిసేలా ప్రతి బాణం మీదా సిరాతో గుర్తు పెట్టాడు, ఆ గుర్తు విల్లును తాకగానే ఆగాలి.

"గీ గుర్తు దాటి గుంజకు బిడ్డా. దాటితే విరుగుతది. నీ మొఖం మీదనే విరుగుతది."

అనుపమ తలూపింది.

ఆదివారం మైదానంలో ముప్పై మీటర్ల దూరం నుంచి ఆమె బాగానే వేసింది. అంత దగ్గరికి బలం అక్కర్లేదు. యాభై మీటర్ల దగ్గరే బండారం బయటపడింది. బాణాలు సగం దారిలోనే తలలు వంచేస్తున్నాయి. ఆమె చెయ్యి పైకెత్తి, గురిచట్రానికి చాలా పైన, వట్టి ఆకాశంలోకి గురిపెట్టి వేయసాగింది. కొన్ని తగిలాయి, కొన్ని గడ్డిలో పడ్డాయి. అయినా మొండిది, వరంగల్ నుంచి వచ్చిన పిల్లతో చివరిదాకా సరిసమానంగా లాక్కొచ్చింది. ఆ పిల్ల తన ఆఖరి బాణాన్ని ఎర్ర వలయంలో నాటి పక్కకు తప్పుకుంది. ఇక అనుపమది ఒక్క బాణం మిగిలింది. నడిమి పసుపులో పడితే జట్టులో ఉంటుంది, లేకపోతే ఇంటికి పోతుంది.

ఎదురుగాలి మొదలైంది. కామరాజు మాస్టారు పెదవి కొరుక్కున్నాడు. రాజనర్సయ్య హద్దుకు కట్టిన తాడు అవతల, చూడ్డానికి వచ్చినవాళ్లలో నిలబడి ఉన్నాడు. ఈ గాలిలో గుర్తు దాకా గుంజిన బాణం అంత దూరం పోదని ఆయనకు తెలుసు. విల్లు చేసింది ఆయనే కదా.

అనుపమ గుంజింది. సిరా గుర్తు విల్లు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"గుంజు!" అని కేక వేశాడు రాజనర్సయ్య. తన గొంతు తనకే తెలియలేదు. "ఇంకొంచెం గుంజు బిడ్డా!"

అనుపమ మోచెయ్యి వెనక్కి కదలబోయింది. మళ్లీ నిలిచింది. గుర్తు దగ్గరే వదిలేసింది. బాణం ఎదురుగాలికి జోరు తగ్గి, గురిచట్రం కింద గడ్డిలో గుచ్చుకుంది.

జట్టు పేర్లు చదివినప్పుడు అందులో ఆమె పేరు లేదు. మాస్టారు ఆమె భుజం తట్టి అవతలికి వెళ్లిపోయాడు. రాజనర్సయ్య తాడు దాటి వచ్చాడు.

"ఇంకొంచెం గుంజితే తగులుతుండె" అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు.

"విరుగుతుండె" అంది అనుపమ. "విరిగితే విరగనీ అనే అనుకున్న. నాకు బుగులు లేకుండె నాయినా. గుంజుదామనే ఉంటి. గప్పుడే నువ్వు గుంజుమని మొత్తుకున్నవు."

"మరి?"

"నాకు ఇనవడ్డది. రేపు నా కన్నుకు ఏమన్న అయితే, గా మాట నిన్ను బతుకనిస్తుండెనా? అందుకే గుంజలే."

రాజనర్సయ్య ఆమె చేతిలోని విల్లు అందుకోబోయి ఆగిపోయాడు. అక్కడే గడ్డిలో చతికిలబడి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా పెద్దగా ఏడ్చాడు. అనుపమ పక్కనే కూర్చుని, ఆయన ఏడుపు తగ్గేదాకా నారి ముడి విప్పుతూ ఉండిపోయింది.