పోతరాజని చెప్పి గీసిన ముఖం

అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంటాను. జమ్మికుంటలో ఆనాడు జరిగినదానికి నేనూ, ఒక మేకపోతూ సాక్షులం. అది చెప్పదు కనుక నేనే చెప్పాలి.

సదానందం సినిమా కటౌట్లు గీసేవాడు. దయ్యాల సినిమా విలన్ ముఖానికి నమూనాగా మటన్ కొట్టు ముత్యాన్ని పట్టాడు.

"పోచమ్మ గుడి గోడకు పోతరాజును గీస్తున్న. జర కూసో బావా" అన్నాడు.

ముత్యం మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నాడు.

గడ్డం కింద టార్చి పెట్టి గీశాడు సదానందం. వెలుగు కింది నుంచి పడితే కళ్లు గుంటలవుతాయి, ముక్కు నీడ నుదుటికెక్కుతుంది. కనుబొమ్మలు గీయలేదు. నల్లగుడ్లు నట్టనడుమ పెట్టాడు. ఎటు నడిచినా మనల్నే చూస్తాయి. బొమ్మకు నోరు బార్లా తెరిచి పళ్లన్నీ చూపాడు. పత్తి బండ్ల ఎడ్లు దాన్ని చూసి హుజూరాబాద్ దాకా వెనక్కి నడిచాయి.

మెడ లేని ఆ పెద్ద తలను టాకీసు ముందు నేలకానించి నిలబెట్టారు. విడుదలనాడు పొద్దున కటౌట్ ముందు మేకను కోయడం మా దిక్కు రివాజు. కోయడానికి ముత్యమే వచ్చాడు. కత్తి ఎత్తబోయి బొమ్మను మొదటిసారి చూశాడు.

"గిది నా మొఖమే గదరా! పోతరాజంటివి గదరా!"

"నీది గాదు బావా, దయ్యానిది."

"రేపటిసంది నా కొట్టుకు ఎవడస్తడు? గీసిన చెయ్యి ఉండొద్దు!"

ఒక్క తన్నుకు సదానందం మోకాలు పటుక్కుమంది. అతని కుడిచేతిని మేకను కోసే మొద్దు మీద తొక్కిపట్టాడు ముత్యం.

"చెయ్యొద్దు బావా! కాలు నరుకు! చేతితోనే బతుకుతున్న!"

అడ్డుపోయిన నాకు మోచేతి దెబ్బతో రెండు పళ్లు రాలాయి. కత్తి దిగింది. బొటనవేలూ చూపుడువేలూ ఎగిరిపడ్డాయి. రక్తం టికెట్ కిటికీ దాకా చిమ్మింది.

కత్తి మళ్లీ లేచింది. సదానందం ముత్యం ముఖంలోకే చూశాడు.

"ఆగు బావా, గట్లనే ఉండు. నీ పళ్లు కనవడ్తలేవు. నరికేటోడు నోరు మూసుకుంటడు. నేను తప్పు గీసిన."

"ఏందిరా?"

"కదలకు!"

ముత్యం తెల్లబోయి కాలు సడలించగానే సదానందం పాకుతూ పోయి, కారే రక్తంలోనే ఎడమచేతి వేళ్లు ముంచి బొమ్మ పళ్లన్నీ పూడ్చాడు. నోరు ఒక్క సన్నని గీతైంది. అది చూసిన ముత్యం కత్తి వదిలేసి, తన ముఖానికి తానే జడిసి ఉరికాడు. ఆసిఫాబాద్ దాటేదాకా ఆగలేదట.

సదానందాన్ని ఆటోలో వేశాం.

"నా వేళ్లు పోనీ తాతా. నిజం చెప్పు, గిప్పుడు భయమైతుందా?"

"నాకేం ఎరుక బిడ్డా? నువ్వు పళ్లు పూడ్చినప్పటిసంది దానికి వీపు జేసే నిలవడ్డ."

నొప్పితో మూలుగుతూనే నవ్వాడు.