పసికణాలు పట్టుకునే చెయ్యి

ఆ ల్యాబ్‌లో ఆమెను అందరూ జిగురు అనే పిలిచేవారు. పేరు పెట్టింది ప్రొఫెసరుగారే. ఏ కణం ఏ కణానికి అంటుకుంటుంది, ఎందుకు అంటుకుంటుంది అని మూడేళ్ళుగా అదే గొడవలో ఉన్న మనిషికి అంతకంటే సరైన పేరు దొరకదు. ఆ గొడవేమిటో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఎముకల మూలుగలో ఎర్ర రక్తకణాలు తయారయ్యేటప్పుడు ఒక పెద్ద దాది కణం చుట్టూ పసికణాలు గుంపుగా చేరతాయి. దాన్ని పట్టుకునే ఎదుగుతాయి, ఎరుపెక్కుతాయి, ఇక అక్కర్లేని కేంద్రకాన్ని దానికే వదిలేసి రక్తంలోకి వెళ్ళిపోతాయి. పట్టు దొరకని పసికణాలు సరిగా ఎదగవు. దాది ఒంటి మీద ఉండే ఒకానొక ప్రోటీనే ఆ పసికణాలు పట్టుకునే చెయ్యి అని జిగురు వాదన.

ఆమె థీసిస్ అంతా ఆ వాదన మీదే నిలబడి ఉంది. దాది కణాలను పళ్ళెంలోంచి లేపి, పసికణాలతో కలిపి చూసే ప్రయోగాన్ని ఇంకొక్కసారి చేసి చూపిస్తే గట్టెక్కినట్టే. సరిగ్గా అప్పుడే స్కూటర్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

కట్టు కట్టిన చేత్తో పిపెట్ పట్టుకోవడం కుదరదు కదా. పెద్ద తోటికోడలు ముందుకొచ్చింది. ఆవిడ అదే ల్యాబ్‌లో కణాలు పెంచే టెక్నీషియన్. రెండు కత్తులు ఒక ఒరలో ఇముడుతాయేమో గాని రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవంటారు. వీళ్ళిద్దరూ ఇంట్లోనే కాక ల్యాబ్‌లో కూడా ఇమిడి ఆ సామెత పరువు తీశారు.

"పని నేను చేసిపెడతాలే. నువ్వు కూర్చుని మైక్రోస్కోపులో చూడు, చాలు" అంది అక్క.

జిగురు చూసింది. దాదులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు. ఒక్కటీ అంటుకోలేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. దాది కణాల్లో ఆ ప్రోటీన్ అసలు తయారవుతోందా లేదా అని పరీక్షించింది. లోపల నిక్షేపంగా తయారవుతోంది. చెయ్యి ఉండి కూడా పిల్లలు పట్టుకోవడం లేదంటే, అది చెయ్యే కాదన్నమాట. ఇన్నాళ్ళూ తను చూసిందంతా కాకతాళీయమన్నమాట.

ఆమెకు తిండి సయించలేదు. మొగుడు నవ్వించబోతే ఏడ్చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సోమవారం అందరి ముందూ ఫలితాలు చెప్పమన్నారు ప్రొఫెసరుగారు. తప్పని తెలిశాక దాచే రకం కాదు జిగురు. నా వాదన తప్పండీ అని చెప్పేసి, ఆ తర్వాత జరిగేది జరుగుతుందని గుండె రాయి చేసుకుంది.

సోమవారం పొద్దున్న, మీటింగుకు ముందు, ఆ కణాల మొహం ఆఖరిసారి చూద్దామని కల్చర్ గదిలోకి వెళ్ళింది. అక్క అప్పుడే గాజు పళ్ళేనికి అతుక్కుని పెరిగిన దాది కణాలను లేపుతోంది.

"రా రా, కూర్చో. ఇవి ఎంత తొందరగా ఊడొచ్చేస్తాయో చూడు!"

నిజంగానే ఊడొచ్చేశాయి. జిగురు గుడ్లప్పగించి చూసింది. తను చేసినప్పుడు అవి ఏనాడూ అంత సులువుగా రాలేదు. పళ్ళేన్ని మంచు మీద పెట్టి, చల్లటి ఉప్పునీళ్ళు పోసి, బతిమాలి బామాలి లేపేసరికి నడుం పడిపోయేది.

"అక్కా, ఏం పోశావు?"

"ఏం పోస్తాను, ఎంజైమ్. మన కణాలన్నిటికీ పోసేదే. ఏం?"

జిగురు అక్క చేతిలోని సీసా వైపు చూసింది. ఆ ఎంజైమ్ పనే కణం ఒంటి మీది ప్రోటీన్లను కోసెయ్యడం. పళ్ళేన్ని పట్టుకున్నవి తెగుతాయి కాబట్టే కణం ఊడొస్తుంది. వాటితోపాటే పసికణాలు పట్టుకోవాల్సిన చెయ్యి కూడా తెగిపోతుంది. బయట లేనప్పుడు లోపల ఎంత తయారై ఏం లాభం? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం అక్క చేతి సీసాలో ఉంటే తను కణం లోపలంతా గాలించింది. పైగా దాదుల్ని ఎలా లేపాలో అక్కకి చెప్పనే లేదు. అది చెప్పాల్సిన సంగతని తోచలేదు.

విషయం విన్న అక్క మొహం పాలిపోయింది. "అయ్యో, నీ కష్టమంతా నా చేతుల్తో మట్టిపాలు చేశానా?"

"ఇంకా నయం! మట్టిలోంచి పైకి తీశావు" అంటూ జిగురు ఒంటిచేత్తో ఆవిడను వాటేసుకుంది.

ప్రొఫెసరుగారిని బతిమాలి మీటింగు మర్నాటికి వాయిదా వేయించుకున్నారు. ఒక పళ్ళేనికి ఎంజైమ్, ఇంకోదానికి చల్లటి ఉప్పునీళ్ళు. జిగురు చెబుతుంటే అక్క ఓపిగ్గా లేపింది. సాయంత్రం మైక్రోస్కోపులో చూస్తే ఎంజైమ్ పోసిన దాదులు ఒంటరిగా ఉన్నాయి. ఉప్పునీళ్ళతో లేపిన దాదుల చుట్టూ మాత్రం పసికణాలు సందు లేకుండా ముసిరాయి. జిగురుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిని, మొగుడి పాత జోకుక్కూడా నవ్వింది.

మర్నాడు మీటింగులో ఆమె నోరు తెరిచేలోపే అక్క లేచి నిలబడింది. "తప్పు నాదండీ. ఎంజైమ్ పోసింది నేనే."

"చెప్పంది నేనండీ" అంది జిగురు.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మీ తప్పుల పంపకం ఇంటికెళ్ళి చేసుకోండి. చెయ్యి ఉంటే పట్టుకుంటాయని ఇన్నాళ్ళూ చూపించాం. చెయ్యి తెగితే పట్టుకోవని చూపించామా? ఇప్పుడు చూశాం. అయితే ఆ ఎంజైమ్ అన్ని ప్రోటీన్లనీ కోస్తుంది, కాబట్టి ఇదొక్కటీ సరిపోదు. తర్వాత ఆ ఒక్క ప్రోటీన్‌నే అడ్డుకుని చూద్దాం. ముందు మాత్రం, అమ్మా, మీరు చేసినట్టే ఇంకోసారి పాడుచెయ్యండి. ఈసారి కావాలని."

బయటికొచ్చాక అక్క గోడకు చేరబడిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క సీసా కూడా పాడుచేయని మనిషి.

"కావాలని పాడుచెయ్యడం నాకు చేతకాదే. ఈసారి పాడవకపోతే ఎలా?"

"నీ చెయ్యి పడ్డాక పాడవకుండా ఎక్కడికి పోతుందక్కా!"

అక్క చేతిలోని గ్లౌజులతో ఒక్కటిచ్చింది. ఇద్దరూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.