ట్రయల్ వద్దన్న చాంపియన్

దిల్‌సుఖ్‌నగర్‌లో నరేష్‌కుమార్‌కు రెండు పేర్లున్నాయి. మెయిన్ రోడ్డు మీది చీరల షోరూంలో అతను స్టూళ్ల నరేషన్న. పొద్దంతా నిలబడి చీరలు పరిచే ఆడపిల్లలు కాసేపు కూర్చోవడానికి స్టూలు కావాలని రెండేళ్లు కొట్లాడి, కౌంటరుకొకటి వేయించిన మనిషి. వెనక సందులో గాజుల దుకాణం పైనున్న గేమింగ్ పార్లర్‌లో మాత్రం అతను చాంపియన్. టీవీలో ఫుట్‌బాల్ ఆట పెట్టి చేతికి కంట్రోలర్ ఇస్తే, మూడేళ్లుగా అతన్ని ఓడించినవాళ్లు లేరు. ముప్పై ఆరేళ్లవాడికి ఇదేం పిచ్చి అనేవాళ్లు అననీ. వారమంతా "ఇంకోటి చూపిస్తా మేడం" అని వంగే నడుముకు ఒక్క పూటైనా ఆనుకుని కూర్చునే చోటు ఉండొద్దా?

ఆ చోటును అతనే పాడుచేసుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, అరవై మంది చూస్తుండగా.

ఆ రోజు పార్లర్ ఓనర్ చక్రపాణి పోటీ పెట్టాడు. దానికోసం కొత్త మెషీన్లు తెప్పించాడు. వాటి కంట్రోలర్ చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది, కుడి బొటనవేలి దగ్గర నాలుగు బటన్లు. కానీ పాతదానిలో కింది బటన్ నొక్కితే బంతి మనవాడికి పాస్ అవుతుంది, కుడి బటన్ నొక్కితే గట్టి షాట్ పడుతుంది. కొత్తదానిలో ఆ రెండూ తారుమారు.

తెలియదనడానికి లేదు. పుష్పలత చెప్పింది. కంట్రోలర్లు తుడిచి, చార్జింగ్ పెట్టి, ఎవరి టైం ఎప్పుడు అయిపోతుందో చూసుకునే మనిషి ఆమె. ఆదివారాలు సరూర్‌నగర్‌లో చర్చి ముగించుకుని అట్నుంచి అటే పనికొస్తుంది.

"నరేషన్నా, గీ కొత్తదాంట్ల బటన్లు మారినయి. పాస్ కుడికొచ్చింది, షాట్ కిందికి పోయింది. ఐదు నిమిషాలు ట్రయల్ ఆడు. అందరు ఆడిన్రు."

"నాకు ట్రయలా? నువ్వు నేర్పుతవా ఆట నాకు?" అందరికీ వినబడాలనే అన్నాడు. నలుగురు నవ్వారు. అతనికి కావాల్సింది అదే.

"నేర్పుడు కాదన్నా. వేలికి తెల్వాలె కద."

"నా వేలికి అన్ని తెల్సు. పెట్టు ఆట."

ఎదుట కూర్చున్నది తన్మయి అనే డిగ్రీ పిల్ల. ఒళ్లో చిప్స్ ప్యాకెట్.

రెండో నిమిషంలోనే ఎదుట గోల్ కీపర్ ఒక్కడే అడ్డం మిగిలాడు. నరేష్‌కుమార్ అలవాటుగా కుడి బటన్ నొక్కాడు. బంతి ఎవరూ లేని పక్కకు మెల్లగా దొర్లుకుంటూ పోయింది. జనం గొల్లుమన్నారు. కాసేపటికి తన గోల్ ముందరే ఇరుక్కుని, పక్కవాడికి పాస్ ఇద్దామని కింది బటన్ నొక్కాడు. బంతి బుల్లెట్‌లా తన గోల్లోకే పోయింది.

"అంకుల్, మీరు నా టీమా?" అంది తన్మయి, చిప్స్ నములుతూ.

తప్పెక్కడుందో అతని బుర్రకు తెలుసు. బొటనవేలికి తెలియదు. మూడేళ్ల అలవాటు దానిది. బుర్ర వద్దంటున్నా పాతచోటికే పోయింది. ఐదు సున్నాతో ఓడిపోయాడు.

లేచి కంట్రోలర్‌ను బల్లకేసి కొట్టాడు. "గీ బటన్లు పనిచేస్తలెవ్వు! ఖరాబు పీసు నా చేతిల పెట్టిన్రు."

"ఎవరండీ ఇచ్చింది?" అన్నాడు చక్రపాణి.

అక్కడ ఆగినా సరిపోయేది. ఆగలేదు. "ఇంకెవరు, పుష్పలత. ఆడేముందు ఒక్క ముక్క చెప్పలె."

"చెప్పిన కదన్నా," అంది ఆమె.

"కస్టమర్‌తో వాదనేంటమ్మా? నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు, వెళ్లు," అన్నాడు చక్రపాణి. అంత తేలిక. పుష్పలత చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టి, సంచి తీసుకుని మెట్లు దిగింది. నరేష్‌కుమార్ ఆమెకు దారిచ్చి పక్కకు జరిగాడు.

ఎల్బీనగర్ మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడ్డాడు. నిరుడు ఒకావిడ ఇస్త్రీపెట్టెతో చీర కాల్చుకుని తెచ్చి, పాడైందే ఇచ్చాడని అతని మీద చెప్పింది. షోరూం ఓనరు ఒక్క మాట అడగకుండా ఆమె ముందు చేతులు కట్టించి క్షమాపణ చెప్పించాడు. మర్నాడు షాపు పనివాళ్ల సంఘం మీటింగులో అతను మైకు పగిలేట్టు అరిచాడు. "కస్టమర్ నోట్లకెల్లి మాట రాంగనే మనం దొంగలమా? మనల్ని అడిగేది లేదా?" చప్పట్లు మోగిపోయాయి. ఆ మీటింగుకు పుష్పలత కూడా వచ్చింది. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఇంట్లో తండ్రి బాలనర్సయ్య అతని మొహం చూసి అడిగాడు. "ఏమైంది బిడ్డా?"

"ఓడిపోయిన నాయినా. బటన్లు మారినయి."

ముసలాయన నవ్వాడు. నలభై ఏళ్లు పోచంపల్లిలో నేసినవాడు. "గంతేనా? కొత్త మగ్గం మీద కూసుంటె నా కాలు గట్లనే తప్పు తొక్కేది. మొదటి జానెడు బట్ట నేనెన్నడు లెక్కల కలపలె. కోసి పక్కన పడేసేటోన్ని. గండ్ల సిగ్గేమున్నది?"

"సిగ్గు గండ్ల కాదు నాయినా." కంచం పక్కకు జరిపి లేచాడు.

పొద్దున్నే సరూర్‌నగర్ పోయాడు. పుష్పలత గుమ్మం ముందు బట్టలు ఆరేస్తోంది.

"తప్పయింది పుష్పా."

"నాకు చెప్తే ఏం లాభం? నీ తప్పు నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పు. అరవై మంది ఇన్నరు."

"ఓనర్‌తోని మాట్లాడి..."

"చాటుకు పోయి గుసగుస పెడ్తవా?" తడి చీరను గట్టిగా దులిపింది. చుక్కలు అతని మొహం మీద పడ్డాయి. "తిట్టినప్పుడు అందరి ముందట, తప్పొప్పుకునేటప్పుడు చాటుకా? ఆదివారం ఫైనల్ ఉన్నది, అందరొస్తరు. మైకు పట్టుడు నీకు కొత్తనా?"

ఆ వారం షోరూంలో ఎవరైనా నరేషన్నా అని పిలిస్తే అతనికి తిట్టినట్టే ఉంది.

ఆదివారం మైకు పట్టుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు.

"కంట్రోలర్ మంచిగనే ఉండె. బటన్లు మారినయని పుష్పలత చెప్పింది. నేనే ఇనలె. ఓడిపోయిన సిగ్గుకు ఆమె మీదికి నూకిన. అబద్ధమాడిన."

ఎవడో ఈల వేశాడు. ఇంకెవడో ఫోన్ ఎత్తి వీడియో తీశాడు. "ఆమె చెప్పడం నేను విన్నా," అంది తన్మయి తల దించుకుని. "ఆ రోజే అనాల్సింది."

"వదిలేయండి నరేష్ గారూ, చిన్న విషయం," అన్నాడు చక్రపాణి.

"ఆమెది పని పోయింది. చిన్నదెట్లయితది? ఫోన్ చేయండి. గిక్కడ్నే, అందరు ఇనంగ."

చక్రపాణి అరవై మొహాలు చూశాడు. ఫోన్ తీశాడు. పుష్పలత మంగళవారం నుంచి పనికొచ్చింది.

తర్వాతి ఆదివారం నరేష్‌కుమార్ మెట్లెక్కి, ఆమె ముందు నిలబడ్డాడు. "కొత్తదే ఇయ్యి. ట్రయల్ ఆడుత."

ఆమె కంట్రోలర్ తుడిచి ఇచ్చింది. "పాస్ కుడిది, షాట్ కిందిది, సార్."

సార్. షోరూంలో ఆ మాటను రోజుకు వందసార్లు అనేవాడు అతనే. ఒక్క ఫిర్యాదుతో తమ పని తీసేయించగలవాళ్లను అలా పిలుస్తారు.

కూర్చున్నాడు. బొటనవేలు మళ్లీ పాతచోటికే పోయింది. తల తిప్పి చూస్తే పుష్పలత కౌంటర్ పక్కన నిలబడి ఉంది. కౌంటర్ వెనక స్టూలు లేదు. మూడేళ్లుగా వస్తున్నాడు. అక్కడ స్టూలు ఎప్పుడూ లేదు. స్టూళ్ల నరేషన్న ఒక్కసారీ అటు చూడలేదు.

సగం లేచాడు.

"కూసోండ్రి సార్," అంది పుష్పలత, గోడ గడియారం చూస్తూ. "మీ టైం నడుస్తున్నది."