పసిబిడ్డ చెవులు

రేకులను కారు తలుపులుగా వంచే ఆ కర్మాగారంలో అన్నిటికంటె పెద్ద ప్రెస్సుకు పనివాళ్లు పెట్టుకున్న పేరు 'పెద్దాయన'. పెద్దాయన సింహాసనం దిగి రేకు మీద పాదం మోపినప్పుడల్లా షెడ్డు పునాదుల దాకా వణికేది. ఆయన సన్నిధిలో మాట వినబడదు గనుక అక్కడి ప్రజలు పెదవులతోనే మాట్లాడుకుని, పెదవులతోనే తిట్టుకుని, వేళ్లతో రాజీపడేవారు. వయసంతా ఆ కొలువులోనే కరిగించుకున్న ప్రెస్సు మేస్త్రికి చెవుడు వచ్చిన సంగతి షెడ్డులో దాదాపు ఎవరికీ తెలియకపోవడానికి కారణం అదే. పెదవులు చదవడంలో మహాపండితుడు కావడం వల్ల అతడికి చురుకైనవాడన్న కీర్తి కూడా దక్కింది.

తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు భార్య. వంటగదిలోంచి కేకవేయడం ఆమె ఎప్పుడో మానేసింది; ఏం చెప్పాలన్నా చేతిలో గరిటెతోనే ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి, చెప్పి వెళ్లేది. రెండోవాడు ఆమె తమ్ముడు, అదే షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో బావ వెనక నిలబడి, "నీ గొంతు తప్పించుకోడానికి ఈ మనిషి ఎంత తపస్సు చేశాడో చూడక్కా" అనేవాడు. ఆమె నవ్వడం చూసి మేస్త్రి కూడా నవ్వేవాడు. ఏమన్నాడో అడిగేవాడు కాడు.

ఇలా ఉండగా యాజమాన్యానికి ఉద్యోగుల ఆరోగ్యం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. సంక్షేమాధికారి అనే కొత్త పదవి అవతరించింది. ఆ పదవిని అలంకరించిన మహానుభావుడు గోడల నిండా చిరునవ్వుల బొమ్మలు అతికించి, ఆరోగ్య వారోత్సవం ప్రకటించి, క్యాంటీనులో ఒక గాజు గది నిలబెట్టి వినికిడి పరీక్షలు మొదలుపెట్టాడు. చెవులు చెడినవారిని వారి మేలు కోరి ఇంటికి పంపుతారని వదంతి. వదంతి షెడ్డంతా తిరిగేలోపే ఇద్దరు ఇల్లు చేరారు.

మేస్త్రికి మరో విద్య రాదు. అన్నం మానేసి కూర్చున్నాడు. బావమరిదే ఉపాయం చెప్పాడు: "కళ్లు నావి, వేలు నీది. మధ్యలో చెవులతో పనేముంది బావా?"

గాజు గదిలో కూర్చున్నవాడు చెవి తొడుగుల్లో శబ్దం వినబడగానే మీట నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి శబ్దం పంపినప్పుడల్లా ఆమె ముందున్న యంత్రం మీద చిన్న దీపం వెలిగేది. ఫిట్టరు తన వంతు కోసం నిలబడ్డట్టు ఆమె వెనక నిలబడి, దీపం వెలిగినప్పుడల్లా ముక్కు గోక్కున్నాడు. గాజుకు అవతల బావ మీట నొక్కాడు. అతి ఎక్కడా పనికిరాదని ఆ ఇద్దరు ఘనులకూ తట్టలేదు. కొన్ని వదిలేయాలన్న ఇంగితం లేక, చీమ నడకంత చప్పుడును కూడా మేస్త్రి వదలలేదు. పసిబిడ్డకు ఉండదగిన చెవులని తేలింది.

సంక్షేమాధికారి ఆనందానికి అవధులు లేవు. పెద్దాయన పక్కన ఇన్నేళ్లు నిలబడ్డవాడి చెవులే ఇలా ఉంటే, మోతకు అడ్డుగోడ కట్టమని పనివాళ్లు పెట్టుకున్న అర్జీకి అర్థమేముంది? అర్జీ బుట్టలోకి, మేస్త్రి ఫొటో గోడ మీదికి చేరాయి. అంతటితో ఆగినా బాగుండేది.

పెద్దాయనకు జబ్బు చేసినప్పుడు ఫిట్టరు ఆయన దవడల మధ్యకు దూరి వైద్యం చేసేవాడు. బయట మీట దగ్గర ఒకడు నిలబడి, లోపలినుంచి "కానీ" అంటే పైదవడను కాస్త దించాలి. "ఆగు" అంటే ఆపాలి. ఆ కేకలు వినబడటానికి అంతసేపూ చుట్టుపక్కల యంత్రాలను ఆపేవారు. ఇలాంటి చెవులు చేతిలో ఉండగా ఉత్పత్తి ఆపడం దేనికని, యంత్రాలు ఆపడం మానేసి, మీట దగ్గర మేస్త్రిని నియమించారు. దవడల మధ్యకు దూరేది అతడి బావమరిదే.

నిజం చెప్పేస్తానన్నాడు మేస్త్రి.

"చెప్పి? ఇంట్లో కూచుని అక్క మొహం చదువుకుంటావా?" అన్నాడు ఫిట్టరు. "లోపల్నించి పెద్దాయన స్తంభం మీద రెంచితో కొడతాను. ఒక దెబ్బంటే కదుపు, రెండంటే ఆపు. నువ్వు స్తంభానికి చెయ్యి ఆనించి ఉంచు, చాలు."

"తేడా వస్తే?"

"వస్తే అక్క నిన్ను చంపేస్తుంది. నాకేం?"

కొన్నాళ్లు మేస్త్రి అరచేయి ఏ లోటూ లేకుండా చెవి ఉద్యోగం చేసింది. అంతలో యాజమాన్యం దయ మరోసారి పొంగి, అదురు వల్ల చేతుల నరాలు దెబ్బతినకుండా అందరికీ దళసరి మెత్తటి తొడుగులు పంచింది. ఆ దయను చూడటానికి అతిథులు వచ్చిన రోజే పెద్దాయన మొరాయించాడు. ఫిట్టరు లోపలికి దూరాడు. మేస్త్రి కుడిచేతి తొడుగు తీయబోయాడు. సంక్షేమాధికారి అతిథుల ముందు, అల్లరి పిల్లవాణ్ణి మందలించినట్టు, నవ్వుతూ వేలు ఊపాడు. సగం జారిన తొడుగు మళ్లీ ఎక్కింది.

ఒక దెబ్బ మెత్తగా అందింది. కదిపాడు. తరవాతి రెండు దెబ్బలూ ఆ మెత్తదనంలో కలిసిపోయి ఒక్కటిగా అందాయి. మళ్లీ కదిపాడు. అతిథుల నోళ్లు ఒక్కసారిగా తెరుచుకోవడం చూసి, ఏమంటున్నారో చదువుదామని వాళ్లవైపు తిరిగాడు.

విచారణ శాస్త్రోక్తంగా జరిగింది. ఫిట్టరు "ఆగు" అన్నాడా, లేదా? యంత్రాల హోరులో మరెవరికీ ఏమీ వినబడలేదు. మీట దగ్గర ఉన్నవి పసిబిడ్డ చెవులు. వాటికి వినబడలేదంటే కేక పుట్టనే లేదన్నమాట. తప్పు పోయినవాడిదని నిర్ణయమైంది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "నాకు చెవుడు సార్. చాన్నాళ్లుగా ఏమీ వినబడదు. పరీక్షలో వాడు ముక్కు గోక్కున్నాడు, నేను నొక్కాను."

విచారణ సంఘం సభ్యులు నమ్మలేదు. మళ్లీ పరీక్షించమని అతడు బతిమాలాడు. దుఃఖంలో ఉన్నవాడి చెవులు ప్రమాణం కావన్నారు. సంక్షేమాధికారి దగ్గరికి వచ్చి భుజం నిమిరి, మనసు విరిగినప్పుడు మనిషి ఇలాగే మాట్లాడతాడనీ, తనను తాను శిక్షించుకోవద్దనీ చెప్పి, సంస్థ ఖర్చుతో ఓదార్పు నిపుణురాలి దగ్గరికి పంపాడు. ఆమె తల వంచుకుని రాసుకుంటూ మాట్లాడేది. మేస్త్రికి ఆమె పాపిట తప్ప పెదవులు కనబడేవి కావు. ఆమె కలం ఆగినప్పుడల్లా తల ఊపేవాడు. బాగా కోలుకుంటున్నాడని ఆమె రాసింది.

ఇంట్లో విచారణ ఒక్క ప్రశ్నతో ముగిసింది. కర్మకాండలు అయిన మరునాడు భార్య ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"వాడు అరిచాడా?"

"తెలీదు" అన్నాడు.

ఆమె కాసేపు అతడి పెదవులకేసే చూసి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఏం చెప్పినా పొయ్యి దగ్గర, అటు తిరిగే చెబుతుంది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఆమె వీపును చూస్తాడు. భుజాలు కదులుతుంటాయి, ఏదో అంటున్నదని మాత్రం తెలుస్తుంది.